కిటికీ లేని గదిలో ఒక్కదాన్నే: చెన్నై నుంచి ఓడలో రెండు రాత్రులు

పోయిన మార్చిలో ఓడ ఎక్కాను, ఒక్కదాన్నే. తిరిగొచ్చాక మా స్టాఫ్‌రూములో ఈ సంగతి చెబితే ఓడ ఎంత పెద్దది, ఎక్కడికి పోయింది అని ఎవరూ అడగలేదు. "అయ్యో, సారు రాలేదా?" అని మా ఆయన గురించి అడిగారు. అదేదో జ్వరం వచ్చిందని చెప్పినట్టు మొహాలు పెట్టారు. ఇలాంటి ప్రయాణం చేద్దామనుకుంటున్న వాళ్ళు చాలామంది మెసేజీలు పెట్టి దారీ, ఖర్చూ అడుగుతున్నారు కాబట్టి అన్నీ వివరంగా రాస్తాను. కానీ ముందు ఎందుకు వెళ్ళానో చెప్పకపోతే మీరు కూడా సారు గురించే అడుగుతారు.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. కొడవలూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చిన్నప్పుడు ఐదుగురు అక్కచెల్లెళ్ళం ఒకే చాప మీద వరసగా పడుకునేవాళ్ళం, నాది నడిమి చోటు. బీఎడ్ హాస్టల్లో గదికి ఎనిమిది మంది. పెళ్ళయ్యాక ఉమ్మడి కాపురం. ఎండాకాలం వస్తే ఏసీ ఉన్నది మా గదికే కాబట్టి మా అత్త, తోడికోడలు లలిత, ఆమె కూతురు అందరూ దుప్పట్లు తెచ్చుకుని మా గదిలోకే వచ్చేస్తారు, మా ఆయన మంచం కింద పడుకుంటాడు. ఒకసారి ట్రైనింగ్‌కి తిరుపతి వెళితే గది మీ ఒక్కరికే మేడం అన్నారు. సంతోషపడి మంచం మీద కాళ్ళు చాపుకున్నానో లేదో, సూళ్ళూరుపేట టీచరమ్మ ఒకావిడ పెట్టె లాక్కుంటూ వచ్చి, "హమ్మయ్య, తోడు దొరికింది" అంది. నలభై తొమ్మిదేళ్ళలో ఒక్క రాత్రి కూడా నేను గదిలో ఒంటరిగా పడుకోలేదు. లెక్కల టీచర్ని కదా, రెండుసార్లు సరిచూసుకున్నాను. ఎంత ఆలోచించినా జవాబు సున్నానే వచ్చింది.

ఓడే ఎందుకంటే, నెల్లూరులో లాడ్జి తీసుకుంటే సాయంత్రానికి ఎవరో ఒకరు క్యారియరు పట్టుకుని వచ్చేస్తారు. తిరుపతి అయితే దర్శనం పేరు చెప్పి పదిమంది బయల్దేరతారు. సముద్రం మధ్యకి మాత్రం మా వాళ్ళు రాలేరు. అలా అనుకున్నాను.

మా ఆయనకి కోతల కాలం. తమిళనాడు నుంచి వచ్చే కోత మిషను ఏ రోజు మన చేలోకి దిగుతుందో ఆ మిషను వాడికే తెలియదు. "నువ్వు పో. కానీ మా అమ్మకి నువ్వే చెప్పుకో" అన్నాడు. మా అత్త కోటమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. చింతపండు ఈనెలు తీస్తూ నేను చెప్పిందంతా విని, "ఒక్కదానివే ఎట్టా ఉంటావే? పలకరించేదానికి కూడా ఎవురూ ఉండరే!" అంది.

"అందుకే పోతుండా అత్తా."

"ఇదేం కోరికమ్మా తల్లీ!" అని నోటి మీద చెయ్యేసుకుంది.

అప్పుడే మైపాడు నుంచి మోపెడ్ మీద చేపలు తెచ్చే పోలయ్య వాకిట్లో ఆగాడు. విషయం విని, "ఓడలన్నీ మా ఊరి ఎదురుగానే గదక్కా పొయ్యేది! మేం రోజూ చూస్తానే ఉంటాం" అన్నాడు. ఆ మాట మా అత్త చెవిలో పడింది. అప్పుడే నేను అడ్డుపడి ఉండాల్సింది.

ఇక ఖర్చు సంగతి. చెన్నైలో శుక్రవారం సాయంత్రం బయల్దేరి, సముద్రంలో తిరిగి, ఆదివారం పొద్దున మళ్ళీ చెన్నైకే తెచ్చి దింపే ఓడ ఇది. మధ్యలో ఏ ఊళ్ళోనూ దిగేది లేదు. ఒక సీఎల్ పెట్టి రెండో శనివారం కలుపుకుంటే సరిపోయింది. నెల్లూరులో టిక్కెట్లు బుక్ చేసే కుర్రాడు, గదులన్నీ ఇద్దరి లెక్కనే ఉంటాయనీ, ఒక్కరే వెళ్ళినా ఇంచుమించు ఇద్దరి డబ్బూ కట్టాలనీ చెప్పాడు. కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక, నాకు పన్నులతో కలిపి ముప్ఫై నాలుగు వేలు అయింది. తిండి అందులోనే. "అదే రేటుకి ఇంకొకర్ని తీసుకుపోవచ్చు కదా మేడం, ఊరికే పోతుంది" అన్నాడు. "ఆ ఇంకొకరు రాకుండా ఉండటానికేనయ్యా ఈ డబ్బు" అన్నాను. వాడికి అర్థం కాలేదు, రసీదు మీద మాత్రం ముద్ర కొట్టాడు.

శుక్రవారం పొద్దున ఆరు గంటల బస్సుకి నెల్లూరు వచ్చాను. ఆడవాళ్ళకి టిక్కెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. అక్కణ్ణించి రైల్లో మూడు గంటలు, కూర్చునే సీటుకి నూటపాతిక లోపే. సెంట్రల్ స్టేషన్లో దిగేసరికి పదకొండు కావస్తోంది. హార్బరుకి ఆటో నాలుగు వందలన్నాడు, నా నెల్లూరు తమిళం బయటికి తీశాక రెండొందల యాభైకి దిగాడు. దారిలో అద్దంలోంచి చూసి, "తనియా పోరీంగళా అమ్మా?" అని అడిగాడు. ఒంటరిగా పోతున్నారా అని. అవునన్నాను. కాసేపు ఆలోచించి, చివర్లో ఇరవై రూపాయలు తగ్గించాడు. జాలిపడ్డాడని ఇంటికొచ్చాక గానీ వెలగలేదు.

హార్బరు గేటు దగ్గర సామాను తనిఖీ ఉంటుంది. నా సంచి మిషన్లోంచి పోతూ పోతూ ఆగింది. అక్కడున్న సెక్యూరిటీ ఆవిడ జిప్పు తీసి, చీరల కింద నుంచి మూడు గిన్నెల స్టీలు క్యారియరు బయటికి లాగింది. నేను పెట్టుకున్నది కాదు. మా అత్త నేను స్నానానికి పోయినప్పుడు సర్దింది. మూత తీయగానే చేపల పులుసు వాసన ఆ హాలంతా పరుచుకుంది. వెనక క్యూలో ఉన్న నల్లకళ్ళద్దాల ఆయన కళ్ళద్దాలు తీసి మరీ చూశాడు. వండిన తిండి లోపలికి రానివ్వరట. "పారేయండి, లేకపోతే ఇక్కడే తినేయండి" అంది ఆవిడ. కొరమేను పులుసుని పారేయడం మా ఇంటా వంటా లేదు. బెంచీ మీద కూర్చుని, మధ్యాహ్నం పన్నెండింటికి, ఓడ టిక్కెట్ ఒళ్ళో పెట్టుకుని మూడు గిన్నెలూ ఖాళీ చేశాను. ఒక ముక్క ఆవిడకీ పెట్టాను. ఓడలో మధ్యాహ్న భోజనం కూడా టిక్కెట్లోనే ఉందని చెప్పాను కదా, ఆ పూట నేను మజ్జిగ కూడా ముట్టలేకపోయాను.

గది అయిదో అంతస్తులో. తలుపు తీస్తే రెండు దిండ్లు, రెండు తువ్వాళ్ళు, రెండు చాక్లెట్లు. గదులు శుభ్రం చేసే మణిపూర్ అమ్మాయి నవ్వుతూ వచ్చి, "రెండో గెస్ట్ ఎప్పుడొస్తారు?" అని హిందీలో అడిగింది. రారు అన్నాను. "ఓ... సారీ మేడం" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఎవరో పోయారనుకుంది. నాకు ఓపిక లేక ఊరుకున్నాను. ఆ రెండు రోజులూ నన్ను చూసినప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడింది. చాక్లెట్లు మాత్రం పూటకి రెండు పెడుతూనే ఉంది, రెండూ నేనే తిన్నాను.

అయిదున్నరకి ఓడ కదిలింది. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపించారు, అందరూ ఫొటోలు దిగారు. డెక్ మీద ఓడ ఉద్యోగి ఒకాయన ఈసారి ఉత్తరం వైపు పోతున్నామనీ, రేపు పొద్దున తొమ్మిదికి అటూ ఇటుగా నెల్లూరుకి ఎదురుగా ఉంటామనీ చెప్పాడు. నాకు భలే అనిపించి వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. అదే నేను చేసిన తప్పు.

"మన మైపాడు కనబడతాదా?" అంది అత్త.

"కనబడొచ్చేమో అత్తా" అన్నాను. తీరానికి ఎంత దూరంలో పోతామో కనుక్కోవాలని కూడా తోచలేదు. లెక్కల టీచర్ని! కాసేపటికి సిగ్నల్ పోయింది. ఓడలో ఇంటర్నెట్‌కి విడిగా డబ్బు కట్టాలి. నేను కట్టలేదు. ఒంటరితనం కొనుక్కుని, దానికి చిల్లు పెట్టుకోవడానికి మళ్ళీ డబ్బు కడతానా?

రాత్రి భోజనానికి ఒక్క కుర్చీ ఉన్న బల్ల వెతికి, పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాను. పప్పు నోట్లో పెట్టుకోబోతుండగా వెనక నుంచి, "అక్కా, తెలుగోళ్ళేనా?" అని వినపడింది. చిట్టమూరు నుంచి పధ్నాలుగు మంది వచ్చారు, ఇంటి పెద్దాయన సుబ్బరామయ్య గారి షష్టిపూర్తి అట. ఆయన భార్య మస్తానమ్మ నా పళ్ళెం ఎత్తుకుని వాళ్ళ బల్ల మీద పెట్టేసింది. "ఒక్కదానివే కూర్చోనుండావని తెలిసినాక మాకు ముద్ద ఎట్టా దిగతాది?" అంది. తర్వాత చేతిసంచిలోంచి పౌడరు డబ్బా తీసి నా అన్నం మీద దులిపింది. కందిపొడి! డబ్బా మీద గులాబీ బొమ్మ, లోపల ఎండుమిరపకాయల ఘాటు. గేటు దగ్గర నన్ను పట్టుకున్న ఆవిడ దీన్ని వదిలేసిందన్న మాట. రెండో ముద్దకల్లా మా లలిత పుట్టింటి వైపు నుంచి నేను ఆమెకి వరసకి చెల్లెలినని తేలిపోయింది.

గదికి వచ్చి తలుపు గడియ పెట్టి, మంచం మధ్యలో కూర్చున్నాను. చప్పుడే లేదు. ఎంతకాలంగా ఎదురుచూసిన ఘడియ ఇది! ఇక నిద్ర పట్టాలి కదా? పట్టలేదు. మా ఆయన గురక లేదు, అత్త దగ్గు లేదు. కాసేపటికి చూసుకుంటే అంత పెద్ద మంచంలో గోడ వైపు అంచున, జానెడు చోటులో ముడుచుకుని ఉన్నాను. మిగతాదంతా ఎవరికో వదిలేశాను. నా మీద నాకే కోపం వచ్చింది. మధ్యకి జరిగాను, చేతులు చాపాను, కాళ్ళు చాపాను. ఎప్పుడు పట్టిందో తెలియదు. కిటికీ లేదు కాబట్టి తెల్లారిందీ తెలియలేదు. కళ్ళు తెరిచి ఫోన్ చూస్తే పదకొండూ నలభై.

నమ్మండి, నవ్వొచ్చింది. మొహం కడుక్కోకుండా, పడుకునే, గట్టిగా నవ్వాను. ఏమైంది అని ఎవరూ అడగలేదు. ఆ సంతోషం ఇలాంటిదని చెప్పడం నాకు చేతకాదు.

మధ్యాహ్నం గదిలో టీవీ పెడితే ఓడ ఎక్కడుందో చూపించే పటం కనబడింది. తీరానికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. అయ్యో, మైపాడు కనబడే మాటే లేదే అనుకుని, టీ తాగడానికి పైకి వెళ్ళాను. అంతకు మించి ఆలోచించలేదు. పైన నీళ్ళు, ఎండ, గాలి తప్ప ఏమీ లేవు. ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. పది నిమిషాలకి మస్తానమ్మ.

"పొద్దున్నించి నీ తలుపు మూడు తూర్లు కొట్టినాం. ఏమైపోయినావు?"

ఇంక లాభం లేదని ఉన్నమాట చెప్పాను. "అక్కా, నాకు రెండు రోజులు ఒంటరిగా ఉండాలని ఉంది. అందుకే వచ్చినా."

ఆమె నా మొహంలోకి చూసి, నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించింది. "ఆయన తాగతాడా?"

"లేదక్కా!"

"చెయ్యి చేసుకుంటాడా?"

"మా ఆయన దోమని కూడా కొట్టడక్కా."

"మరేందమ్మా నీ కష్టం?" అని కళ్ళు తుడుచుకుంది. నా కళ్ళు కాదు, తన కళ్ళే. అరగంటలో సుబ్బరామయ్య గారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్న వీఆర్వో. ఎన్ని కాపురాలు చక్కబెట్టారో వరసగా చెప్పుకొచ్చారు. కావాలంటే ఆదివారం చెన్నై నుంచి నేరుగా కొడవలూరు వచ్చి మా ఆయనతో మాట్లాడతానన్నారు. ఆయన కోతల్లో ఉన్నాడండీ అంటే, చేలోనే మాట్లాడతాను తల్లీ అన్నారు. చివరికి నా కాపురం బాగానే ఉందని ఒప్పించడానికి మా ఆయన గురించి అంత మంచి చెప్పాల్సి వచ్చింది, ఇరవై నాలుగేళ్ళలో ఆ మనిషి ముందు కూడా నేను అంత చెప్పలేదు. ఆ సాయంత్రం మాత్రం వాళ్ళు నన్ను వదిలేశారు. డెక్ మీద ఒక మూల కూర్చుని చీకటి పడేదాకా నీళ్ళని చూశాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆదివారం ఏడింటికి చెన్నై రేవు కనబడింది. సిగ్నల్ రాగానే ఫోన్ ఒళ్ళో గుర్రుగుర్రుమని ఆగకుండా వణికింది. మొదటి మెసేజి మా ఆయనది: "అమ్మ వాళ్ళు నీకు చెయ్యి ఊపేదానికి మైపాడు పోతుండారు. నాకు అన్నం ఎవరు పెడతారు?" ఆ తర్వాత లలిత పంపిన ఫొటోలు. రెండు ఆటోలు, పదకొండు మంది, టిఫిన్ క్యారియర్లు. మైపాడు ఇసుకలో మా అత్త. పోలయ్య దగ్గర తీసుకున్న తెడ్డుకి ఎర్రచీర కట్టి, జెండా పట్టుకున్నట్టు నిలబడింది. ఆ తర్వాత వీడియో. దూరంగా సముద్రం మీద పొడుగ్గా నల్లటి ఓడ. కృష్ణపట్నం రేవుకి బొగ్గు తెచ్చే ఓడ అది, మా జిల్లాలో చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. అయినా మా అత్త గొంతు: "అదిగో! అదిగో పచ్చచీర! మా కోడలే! చెయ్యి ఊపతా ఉండాది, చూడండే!" పదకొండు మందీ ఒక్కసారి కేకలు. తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా ఊపారట. ఆ ఓడ లంగరు వేసి ఉంది, ఎటూ కదలదు. అది కదలకపోవడం కూడా నాకోసమే ఆగిందని లెక్క వేసుకున్నారు.

రైల్లో మూడు గంటలూ ఆ వీడియోనే చూశాను. నవ్వు ఆగలేదు, ఏడుపూ వచ్చింది. ఇంటికెళ్ళి ఏం చెప్పాలి? కనబడ్డారని ఒక్క మాట అంటే అందరూ సంతోషిస్తారు. కానీ అలా అంటే, నేను వెళ్ళింది కూడా వాళ్ళకి చెయ్యి ఊపడానికే అయిపోతుంది. ముప్ఫై నాలుగు వేలు పెట్టి తెచ్చుకున్న ఆ ఒక్క నిద్ర కూడా నాది కాకుండా పోతుంది.

సాయంత్రం గడప దాటకముందే అడిగారు. "కనబడినామా?" అంది అత్త. వెనక లలిత, దాని కూతురు, పక్కింటి వాళ్ళు కూడా ఉన్నారు.

"లేదత్తా. ఓడ అరవై కిలోమీటర్ల దూరంలో ఉండింది. మీరు చూసింది బొగ్గు ఓడ. అప్పుడు నేను గదిలో నిద్రపోతా ఉండినా."

"చీర ఊపి ఊపి నా రెక్కలు పడిపోయినాయి కదక్కా!" అని లలిత విసురుగా వంటింట్లోకి పోయింది. పక్కింటి వాళ్ళు మెల్లిగా జారుకున్నారు. మా అత్త మాత్రం అక్కడే నిలబడింది.

"ఎంతదాకా నిద్రపోయినావు?"

"పన్నెండు కావస్తా ఉండింది."

"ఎవురూ లేపలా?"

"లేపేదానికి ఎవరుండారత్తా అక్కడ?"

ఆమె కాళ్ళు కడుక్కోమని చెంబు ఇచ్చి లోపలికి పోయింది. కోపం వచ్చిందనుకున్నాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఇటూ అటూ చూసి, లలిత లేదని రూఢి చేసుకుని అడిగింది.

"ఎండాకాలం సెలవుల్లో ఇంకోతూరి పోతావా ఆ ఓడకి?"

"పోదామా అత్తా? నువ్వూ వస్తావా నాతో?"

"ఓడ ఎక్కేదాకా నీతో వస్తా" అంది చిక్కుడుకాయ మీద నుంచి చూపు తీయకుండా. "ఎక్కినాక నీ గది నీది, నా గది నాది. పదహారేళ్ళకి ఈ ఇంటికి వచ్చినా. నేనూ చూడాలబ్బా, అదెట్టా ఉంటాదో."

నేను ఏదో గొప్ప తిరుగుబాటు చేసి వచ్చానని లోపల్లోపల మురిసిపోతున్నాను. నాకన్నా ముందు నుంచి, నాకన్నా ముప్ఫై నాలుగేళ్ళు ఎక్కువగా అదే ఇంట్లో పడుకుంటూ లేస్తూ ఉన్న మనిషికి ఏం కావాలో ఒక్కరోజు కూడా అడగలేదు. పలకరించేవాళ్ళు ఉండరని ఆమె దిగులుపడిందనుకున్నాను. నిజంగానే పడిందేమో కూడా. కానీ మనిషికి రెండూ కావాలి, మైపాడు ఇసుకలో రెండున్నర గంటలు చెయ్యి ఊపేవాళ్ళూ కావాలి, తలుపు గడియ పెట్టుకుంటే తట్టనివాళ్ళూ కావాలి. తిరిగి వచ్చాక నాకు ఇల్లు ఇరుకనిపించలేదు, అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇక ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. డబ్బు కట్టకముందే ఒక్కరికి గది ఎంతో విడిగా అడిగి రాయించుకోండి, బయటికి చెప్పే రేటు ఎప్పుడూ ఇద్దరు సర్దుకుంటే మనిషికి పడే రేటే. నిన్న మే నెలకి బుక్ చేద్దామని నేనే ఫోన్ చేశాను. "ఇద్దరూ ఒకే ఇంటి వాళ్ళు కదా మేడం, ఒకే గది తీసుకుంటే సగం మిగులుతుంది. పోనీ పక్కపక్క గదులన్నా ఇవ్వమంటారా?" అన్నాడు ఆ కుర్రాడు. ఫోన్‌కి చెవి ఆనించి వింటున్న మా అత్త నా మోచెయ్యి పొడిచి, "వేరే అంతస్తులో ఏమన్నా ఉండాదేమో అడగవే" అంది.